సగం చాలని మా నాయనకు చెప్పేదెవరు

మా నాయనను రికార్డింగుకు తీసుకుపోవడం నాదే తప్పు. ఉరవకొండలో సౌండు సెట్లు నడిపేది నేను. ఆయన వేరుశనగ రైతు. ఆ రోజు డ్రైవరు రాలేదని ట్రాలీ ఆటో తోలడానికి వచ్చాడు. బండిలోనే కూర్చుని ఉంటే ఇంత కథే లేదు.

మేం వెళ్లింది గుంతకల్లులో రామదాసు సార్ ఇంటికి. ఆయన రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఎప్పుడో ఒక పాత బంగళా సామాన్లు వేలం వేస్తే, అందరూ బీరువాలు కొనుక్కున్నారు, ఈయన పియానో కొన్నాడు. రైలు నడకను పట్టుకుని సొంతంగా ఒక పాట కట్టి, నలభై ఏళ్లుగా అదే వాయిస్తున్నాడు. ఇప్పుడు కుడిచేతి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఆపరేషన్ చేయించుకొమ్మని డాక్టరు మూడు నెలలుగా చెబుతున్నాడు. తర్వాత వేళ్లు ఎలా ఉంటాయో ఏమో, పాట రికార్డయ్యేదాకా ఆసుపత్రి మెట్లెక్కనని ఈయన మొండికేశాడు.

"అదేందో బిరీన పట్టి పో తల్లీ. ఈయన్ని ఆసుపత్రిలో పడేస్తా," అంది ఆయన భార్య పద్మావతమ్మ, మేం గడప తొక్కగానే. ఆ చేతులు రోజుకు ఒక్కసారే పాట మొత్తం వాయించగలవని కూడా చెప్పింది.

బెంగళూరు నుంచి రెండు కండెన్సర్ మైకులు తెప్పించాను. పెళ్లి మైకుల్లా అరిస్తేగానీ వినని రకం కాదు. పక్కింట్లో పోపు వేసినా పట్టేస్తాయి. అలాంటివాటిని పియానో మూత తెరిచి లోపలికి పెడితే, గట్టిగా కొట్టిన చోట శబ్దం పట్టక కొన తెగిపోతుంది. అక్కడ బరబరమంటుంది. తర్వాత ఎంత తగ్గించినా ఆ బరబర పోదు. అందుకే ముందే పైన చోటు వదిలిపెట్టాలి.

"సార్, గట్టిగా వచ్చే చోటు ఒకసారి వాయించండి," అన్నాను.

ఆయన వేళ్ల బలం దాచుకుంటున్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా మెత్తగా నొక్కాడు. నేను నమ్మలేదు. పెళ్లిళ్లలో "హలో, హలో" అని గొణిగినవాడే కాసేపటికి మైకు పగిలేలా అరవడం ఎన్నిసార్లు చూశానో. మైకు వైర్లు వచ్చి కలిసే డబ్బా మీద శబ్దం పెంచి తగ్గించే గుండీని బాగా కిందికి తిప్పి, శబ్దం చూపించే మీటరు సగానికి లోపే ఉండేట్టు పెట్టాను.

నాయన వంగి చూశాడు. "ఏం పాపా, సగం గూడా నిండలా."

"సగం చాలు నాయనా."

"మిగతా సగం ఖాళీ పెట్టుకోని ఏం జేస్తావు?"

మా చేని కుంట నిండగా ఆయన చూసి ఎన్నేళ్లయిందో. సగం ఖాళీ ఎక్కడ కనబడినా ఆయన చెయ్యి ఊరుకోదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. కిటికీలు మూయడానికి పోయాను. పద్మావతమ్మ ఫ్యాను ఆపింది.

"ఇంగ ఇరవై రెండు నిమిషాలు ఈ పక్క బండి లేదు," అని గడియారం చూసి, సార్ మొదలుపెట్టాడు.

స్టేషన్ దాటేదాకా పాట నెమ్మదిగా నడిచింది. రైలు వంతెనెక్కే చోట ఆయన రెండు చేతులూ ఎత్తి కొట్టాడు. శబ్దం హద్దు దాటిందని డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. అంతే, చేతులు పైకి తీసేశాడు.

"ఏమాయ సార్?"

"ఎర్రలైటు పడింది గదా పాపా."

ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఎర్రలైటు దాటనివ్వని మనిషి, ఇప్పుడెందుకు దాటనిస్తాడు. నేను గుండీ వైపు చూశాను. పెట్టిన చోట లేదు.

"నాయనా."

"కొంచెమే తిప్పినా. నిండనీలే అని."

"నిండలేదు నాయనా, కట్ట తెగింది."

ఒళ్లు మండిపోయింది. ఇంకో నాలుగు మాటలు అనేదాన్నే. సార్ వేళ్లు రుద్దుకుంటూ కనబడ్డాడు. కోపం పోయి భయం పట్టుకుంది. పద్మావతమ్మ గిన్నెలో వేడినీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వంతెన కాడనే ఆపినా గాబట్టి బలం మిగిలుండాది," అన్నాడు సార్ చేతులు నీళ్లలో ముంచి. "గూడ్సు పోనీ. మళ్లీ పద్దెనిమిది నిమిషాలు దొరుకుతాది."

మైకుల మీద చిన్న స్విచ్చి ఉంటుంది. నొక్కితే లోపలే శబ్దాన్ని తగ్గిస్తుంది. రెండింటికీ నొక్కాను. మైకులను జానెడు వెనక్కి జరిపాను. గుండీ తగ్గించి దానిమీద ప్లాస్టరు అతికించాను. నాయన నేను చెప్పకుండానే బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

గూడ్సు పోయింది. ఈసారి వంతెన దగ్గర సార్ కొట్టిన దెబ్బకు అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. మీటరు సగానికి కాస్త పైకెక్కి దిగింది. తొడల కింద నాయన చేతులు కదులుతూనే ఉన్నాయి గానీ బయటికి రాలేదు. చివరి మోత పూర్తిగా అణిగాకే రికార్డింగు ఆపాను.

స్పీకర్లో పెట్టి వినిపించాను.

"చిన్నగా ఉండాది," అన్నాడు నాయన.

"పట్టినాక ఎంతైనా పెంచుకోవచ్చు," అని పెంచాను.

గది నిండిపోయింది. వంతెన ఎక్కడా తెగలేదు. సార్ వాచిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక భార్య వైపు తిరిగి, "పద్మా, సంచి సర్దు. పొద్దున పోదాం," అన్నాడు.

త్వరగా పట్టి పొమ్మన్న పద్మావతమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. కళ్లు కొంగుతో తుడుచుకుంది.

"సంచి మూడు నెల్ల కిందనే సర్దిపెట్టినా," అంది. "నువ్వు ఆ పాట ఇంకొకసారి పెట్టు తల్లీ."