విప్పకూడని మూట

పెసల మూట ఒకసారి కట్టాక విప్పకూడదని పెద్దకోడలికి తల్లి నేర్పింది. విప్పితే మొలక బెదిరి ముడుచుకుపోతుందట. పన్నెండేళ్ళుగా ఆ మాట జవదాటకుండా మొలకలు కట్టి, పొద్దున్నే అత్తగారికి గిన్నెలో పెట్టేది. అత్తగారు తిని "బాగున్నాయే" అనేది. ఆ ఒక్క మాటతో రోజంతా కుట్టుమిషను తేలిగ్గా తిరిగేది.

ఈమధ్యే కాపురానికొచ్చిన చిన్నకోడలు ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. ఒకనాడు "అత్తయ్యా, నేనూ ఓ మూట కడతాను" అంది.

"కట్టవే, నీ చేతివీ తిని చూద్దాం" అంది అత్తగారు.

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. వచ్చి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే గిన్నె మీద కన్నేసిందా?

మర్నాడు చిన్నది ఉద్యోగానికి వెళ్ళగానే పెద్దది మిషను ఆపింది. ఎదురుగదిలో అత్తగారు మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. పెద్దకోడలు వంటింటి కిటికీ మేకుకి వేలాడుతున్న చిన్నదాని మూట విప్పింది. చెడిపోవాలనే విప్పింది. తిరిగి కట్టబోతే గుడ్డ ఆరినట్టనిపించింది. విప్పిన సంగతి బయటపడుతుందేమోనని నీళ్ళు చల్లి కట్టేసింది. మనసాగక సాయంత్రంలోగా మరో మూడుసార్లు విప్పింది, తడిపింది. పక్కనున్న తన మూటని మాత్రం ముట్టుకోలేదు.

తెల్లారేసరికి చిన్నదాని మొలకలు గుడ్డలోంచి పొడుచుకొచ్చాయి. పెద్దదానివి గోరంతే.

"చిన్నదాని చెయ్యి మంచిది" అంది అత్తగారు.

పెద్దదానికి పుండు మీద కారం చల్లినట్టయింది. అప్పట్నుంచి రోజుకి ఐదుసార్లు విప్పడం మొదలెట్టింది. ఎంత విప్పితే అంత పొడుగొచ్చాయి. పాడు మొలకలకి సిగ్గన్నా లేదు. అత్తగారి గిన్నె చిన్నదానికే ఖాయమైపోయింది.

అలా నెల తిరిగింది. పెద్దకోడలు రెండు రోజులు తన అక్క ఇంటికి వెళ్ళొచ్చేసరికి, చిన్నది మూట పట్టుకుని బిక్కమొహంతో నిలబడి ఉంది. లోపల పెసలు ఎండి ఉన్నాయి. మొలకలు పుట్టీపుట్టనట్టున్నాయి.

"ఏం చేశావ్?"

"ఎప్పుడూ చేసేదే అక్కా. కట్టి తగిలించి వెళ్ళిపోతాను. మళ్ళీ నీళ్ళు కూడా చల్లను."

పెద్దకోడలు ఎండిన పెసల్ని వేళ్ళతో కదిపి చూసింది. అయితే ఇన్నాళ్ళూ అత్తగారు మెచ్చుకున్నది తన చేతినే. చెప్పుకుందామని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అసలెందుకు విప్పావని అడుగుతారు. మింగేసి మిషను ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎంతకీ ఎక్కలేదు.

చిన్నది స్నానానికి వెళ్ళాక మంచం మీంచి అత్తగారు మెల్లగా పిలిచింది.

"పెద్దమ్మాయ్, ఇక్కణ్ణుంచి ఆ కిటికీ నాకు బాగానే కనిపిస్తుంది. రేపు దాని మూట తడిపేటప్పుడు, నీ మూట మీద కూడా కాసిని నీళ్ళు చల్లుకో."