కందకం చేరిన బఠాణీల డబ్బా

“ఇది మధ్యలో ఆరిపోతే వాడి గతేం కాను?”

నేనింకా వెలగనే లేదు. నాలో మైనం కూడా పోయలేదు. అప్పుడే ఒరీస్యా అనే తల్లి నన్ను చేతిలో పట్టుకుని ఈ మాట అంది. నా మనసులో పడ్డ మొదటి మాట అదే. ఆ భయం నాకూ అంటుకుంది, మరి వదల్లేదు.

నేను ఒక రేకు డబ్బాను. ఉక్రెయిన్‌లో ఒక కార్ఖానాలో పుట్టాను. కడుపునిండా పచ్చిబఠాణీలు పోసి, మూత బిగించి పంపారు. కొత్త సంవత్సరం సలాడ్‌లోకి ఆ బఠాణీలు పోయాక నా బతుకు చెత్తబుట్టలో ముగియాల్సింది. కానీ యుద్ధం వచ్చిన దేశంలో ఖాళీ డబ్బాకు కూడా గిరాకీ ఉంటుంది. ఒరీస్యా ఊరి ఆడవాళ్ళు బడి నేలమాళిగలో చేరి, కందకాల్లో ఉన్న సైనికుల కోసం మాలాంటి డబ్బాలతో దీపాలు చేస్తున్నారు. అట్టపెట్టెను పట్టీలుగా కోసి, చుట్టగా చుట్టి లోపల పెడతారు. నడుమ ఒక అట్టముక్కను వత్తిలా నిలబెడతారు. చర్చి నుంచి తెచ్చిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి పోస్తారు. వెలిగిస్తే వెలుగూ, కాస్త వెచ్చదనమూ, అదృష్టం బాగుంటే వేడి టీ.

ఆ చుట్ట వదులుగా ఉండాలి. అప్పుడే మంట బాగా లేస్తుంది. ఒరీస్యాకు అది తెలుసు. తెలిసి కూడా భయం కొద్దీ ఇంకో పట్టీ దూర్చింది. అదీ చాలదన్నట్టు మరొకటి దూర్చింది.

“అలా కుక్కితే మంటకి ఊపిరాడదే,” అని పక్కింటి మొత్ర్యా నవ్వింది. “దీపం చేస్తున్నావా, పిల్లాడికి స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుగుతున్నావా?”

“నువ్వు నవ్వుతావు. నీకు కూతుళ్ళు. నావాడు మంచులో ఉన్నాడు. చిన్నగా మండితే మండనీ, ఎక్కువసేపు మండాలి.”

నేరుగా తన కొడుకు చేతిలోనే పడతానన్నట్టు ఆమె నన్ను ముద్దుపెట్టుకుని పెట్టెలో సర్దింది. మనుషుల ఆశలు ఇలాగే ఉంటాయి. వ్యాను నన్ను తీసుకెళ్ళి ఎక్కడో ముందువరుసలో, ఇంకో తల్లి కొడుకు దగ్గర దించింది. నిజం చెప్పొద్దూ, నాకు తేడా తెలియలేదు. చలికి పగిలిన వేళ్ళు ఎవరి బిడ్డవైనా ఒకేలా ఉంటాయి.

అతని పేరు నజార్. యుద్ధానికి ముందు ఒక పత్రికలో అచ్చుతప్పులు దిద్దేవాడు. ఇప్పుడు తుపాకీ పట్టాడు గానీ పెన్సిల్ వదల్లేదు. పెన్నులో సిరా గడ్డకట్టుకుపోతుందని పెన్సిలే. వాళ్ళు తలదాచుకునే, దుంగలు కప్పిన గుంతలో పగలైనా చీకటే. కాపలా దిగగానే నా పక్కన చేరి రాసుకునేవాడు. గొప్ప సంగతులేం కాదు. ఎవడు ఎలా గురకపెడతాడు, ఎవడు ఏ పాట తప్పుగా పాడతాడు. “ఇవి పోకూడదు” అనేవాడు. ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నవాళ్ళు గురకను దాచుకోవడమేమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు.

ఒకరోజు పొద్దున్నే నాకు అవమానం జరిగింది. నజార్ జోడీ లుక్యాన్ అని, పుచ్చకాయలు పండించే రైతు, వయసులో పెద్దవాడు. నామీద టీగిన్నె పెట్టి చాలాసేపు చూశాడు.

“దీన్ని ఎవరో పిసినారి చేసినట్టుందిరా. టీ కాగేలోపు యుద్ధం అయిపోతుంది.”

“కాగకపోతే పోనీ బాబాయ్. రాసుకోడానికి ఈ వెలుగు చాలు.”

“ఎప్పుడు చూసినా ఏం రాస్తావురా? నా గురించా? అయితే బతికుండగా వినిపించు. పోయాక చెప్పే మంచిమాటలు నాకెందుకు?”

“పూర్తి కానీ, వినిపిస్తా.”

“నీది పూర్తయ్యేదెప్పుడు!” అంటూ అతను ముందున్న కాపలా గుంతకు పాక్కుంటూ వెళ్ళాడు. అక్కడ ఒక్కడే ఉండాలి. అక్కడి నుంచి మా దాకా ఒక టెలిఫోన్ తీగ ఉంది.

ఆ మధ్యాహ్నం అతను ఆ తీగ మీద నజార్‌ను ఏదో ఆటపట్టిస్తుండగా ఫిరంగి గుండు పడింది. మా మీద మట్టి రాలింది. లుక్యాన్ మాట సగంలో ఆగిపోయింది. తీగ తెగలేదు. రిసీవర్‌లో అవతలి గాలి ఊళ వినిపిస్తూనే ఉంది. మనిషి గొంతే లేదు.

నజార్ బయటికి దూకబోయాడు. వాకీటాకీలో వాళ్ళ నాయకుడు అరిచాడు: “ఎవరూ కదలొద్దు! డ్రోన్ తలమీదే ఉంది. అది పోగానే స్ట్రెచర్ పంపిస్తాను. అతను స్పృహ తప్పకూడదు, నువ్వు మాట్లాడుతూనే ఉండు!”

మాట్లాడాడు. “బాబాయ్, పలుకు” అన్నాడు. బతిమాలాడు, తిట్టాడు. గాలి తప్ప ఏమీ లేదు. ఉన్న మాటలన్నీ అయిపోయాక కోటు లోపలి నుంచి కాగితాలు తీశాడు. ఒక్క తప్పున్నా ఎవరికీ చూపించని మనిషి, సగం రాసిన పేజీలు రిసీవర్‌లోకి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

నాలో మైనం అడుగంటింది. నేను ఆరిపోతే వీడు చీకట్లో ఎలా చదువుతాడు? చదువు ఆగితే అక్కడ ఆయన కళ్ళు మూసేస్తే? స్ట్రెచర్ వచ్చేసరికి ఆలస్యమైపోతే? అన్నీ చెడ్డ ఆలోచనలే. భయపడితే భయపడ్డాను గానీ ఆరలేదు. బిగించి కుక్కిన ఆ అట్ట చివరి చుక్కదాకా మైనాన్ని పట్టుకునే ఉంది. నేనూ పట్టుకున్నాను.

నజార్ చదువుతున్నాడు: “మావైపు పెళ్ళి అడగడానికి వచ్చినవాడు పిల్లకు నచ్చకపోతే చేతిలో గుమ్మడికాయ పెట్టి పంపేస్తారు. పరస్కా లుక్యాన్ చేతిలో ఇంత లావు గుమ్మడికాయ పెట్టింది. ఊరంతా నవ్వింది. లుక్యాన్ దాన్ని ఇంటికి తెచ్చి, కోసి, గింజలు ఎండబెట్టి నాటాడు. మరుసటి ఏడు బండెడు గుమ్మడికాయలు ఆమె వాకిట్లో దించి, ‘ఇప్పుడు ఎన్నిసార్లు కాదంటావో అను’ అన్నాడు.”

అక్కడితో రాసింది అయిపోయింది. అతని గొంతూ పోయింది. రిసీవర్ చెవికి అదుముకుని కూర్చున్నాడు. బయట డ్రోన్ రొద దూరమైంది. స్ట్రెచర్ బయలుదేరిందని నాయకుడు చెప్పాడు. నా మంట గింజంతయింది. అవతల అదే గాలి. ఎంతసేపో.

తర్వాత అక్కడ ఏదో గీరుకున్న చప్పుడు. ఎవరో దగ్గారు.

“బండెడు కాదురా,” అన్నాడు లుక్యాన్. “రెండు బండ్లు. సరిగ్గా రాయి.”