కూర్మయ్య బండి పరుగు

కూర్మం అంటే తాబేలని తెలియనివాళ్ళు కూర్మయ్య మోపెడ్ చూసి తెలుసుకోవచ్చని గోపాల్‌పూర్ రేవులో ఒక ఎగతాళి ఉంది. రెండు పక్కలా చేపల పెట్టెలు, వెనక త్రాసు, మధ్యలో కూర్మయ్య. నిండు బరువుతో ముప్ఫై దాటదు. ఎదురుగాలి వీచిందంటే ఇంజను బతిమాలుకుంటుంది, కూర్మయ్య పెడళ్ళు తొక్కుతాడు.

నవ్వేవాళ్ళని నవ్వనీ అని ఇన్నేళ్ళూ ఊరుకున్నాడు. కానీ ఈ ఏడు బరంపురంలోని లంజిపల్లి వీధికి శ్యామసుందర్ అనేవాడు ఆటోలో చేపలు తేవడం మొదలుపెట్టాడు. ఆ వీధి కూర్మయ్య తల్లి కాసమ్మ ముప్ఫై ఏళ్ళు నెత్తిన గంపతో తిరిగి సంపాదించిన వీధి. ఏ ఇంట్లో ముల్లుంటే తినరో, ఏ ఇంట్లో తలకాయ కోసం తగువులాడుకుంటారో ఆవిడకు కంఠతా వచ్చు. మోకాళ్ళు పట్టేశాక, పొలం అప్పగించినట్టు కొడుక్కి అప్పగించింది. అది తన చేతిలో పోతుందేమోనన్న దిగులుతో కూర్మయ్యకు అన్నం సయించడం లేదు.

నిలిచేదీ పోయేదీ ఛాడఖాయి నాడు తేలుతుంది. కార్తీకంలో పున్నమితో ముగిసే అయిదు రోజులు కొంగ కూడా చేప ముట్టదంటారు ఒడియావాళ్ళు. పున్నమి మర్నాడు మళ్ళీ చేప తినే ఛాడఖాయి. ఆ రోజు కొంగల వంతు మనుషులు తీసుకుంటారు. ఎవరి పెట్టె ముందు తెరుచుకుంటే వీధి వాళ్ళదే.

అందుకని మెకానిక్ రామమూర్తి దగ్గర కూర్చున్నాడు. రామమూర్తి సైలెన్సర్ విప్పి దోసెడు మసి రాల్చాడు. వెనక పళ్ళ చక్రం తీసేసి, తక్కువ పళ్ళున్న చిన్న చక్రం బిగించాడు. దీంతో పరుగు పెరుగుతుందనీ, లాగే సత్తువ తగ్గుతుందనీ, రెండూ కావాలంటే ఇంకో ఇంజను కొనుక్కోమనీ చెప్పాడు. కూర్మయ్య మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఖాళీ బండి మీద స్పీడు ముల్లు ఏభై తాకేసరికి అతనికి ఒళ్ళు పులకరించింది.

గోడ మీది తెలుగు క్యాలెండరు శుక్రవారం పున్నమి అంది. ఆ సాయంత్రం భార్య జగ్గమ్మ దీపాలు కూడా పెట్టింది. ఇంకేం, తెల్లారితే ఛాడఖాయి.

"బండి సంగతి సరేరా. పడవలు ఒగ్గీసినారేటో కనుక్కున్నావేటి?" అంది కాసమ్మ. ఒడియా ఆడవాళ్ళు పున్నమి నాటి తెల్లవారుజామున అరటిదొప్పల పడవలు నీళ్ళలో వదులుతారు. చదువు రాని కాసమ్మకు అదే క్యాలెండరు. కూర్మయ్య గొలుసుకి నూనె పోస్తూ ఊరికే తల ఊపాడు.

శనివారం చీకటుండగానే బయల్దేరాడు. కదలడానికి పది తొక్కులు పట్టింది గానీ, కదిలాక ముల్లు నలభై అయిదు మీద నిలబడింది. దారి పొడుగునా ఒక్క ఆటో లేదు. అందరినీ వెనక వేసేశానని మురిసిపోతూ లంజిపల్లిలో పెట్టె మూత ఎత్తి కేక పెట్టాడు.

అప్పుడే పడవలు వదిలి తడిజుట్టుతో వస్తున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పున్నమి తిథి శుక్రవారం సాయంత్రం వచ్చి శనివారం దాకా ఉంది. దీపాలవాళ్ళకు నిన్న పున్నమి, పడవలవాళ్ళకు ఇవాళ. వీధికి పెద్ద దిక్కు పుణ్యవతి, కాసమ్మ దగ్గరే తెలుగు నేర్చిన ఒడియా ఇల్లాలు, ముందు మూత వెయ్యమని గద్దించింది.

పెట్టెలోని చందువ చేపలు ఇంటిదగ్గర ఉప్పు పూసుకుని ఎండకెక్కాయి. రేవంతా నవ్వింది.

ఆదివారం వేట పడవలు ఒడ్డు తగిలీ తగలకముందే చేపలెత్తుకుని, మళ్ళీ అందరికంటే ముందే వీధిలో ఉన్నాడు. ఆడవాళ్ళు గిన్నెలతో వచ్చారు, కానీ ఎవరూ గిన్నె ముందుకు చాచలేదు.

"నిన్నటివి కావేటి ఇవి?" అంది పుణ్యవతి.

వీధి మొగలో శ్యామసుందర్ ఆటో హారను మోగింది. తన తొందరే తన తాజా చేపను పాతది చేసిందని కూర్మయ్యకు అప్పుడు తెలిసింది.

"నాను కాసమ్మ కొడుకునమ్మా. మొప్ప ఎత్తి సూడు," అన్నాడు.

పుణ్యవతి ఒకటి ఎత్తింది. ఎర్రగా ఉంది. అడుగునుంచి లాగి రెండోది చూసింది, మూడోది చూసింది. అప్పుడు గిన్నె కింద పెట్టింది.

"తూకం ఎయ్యి," అని ఆడవాళ్ళవైపు తిరిగింది. "నిన్ననే వచ్చీసినాడు ఈడు. ఈడికంటే ముందెవుడొస్తాడు?"

వీధి వీధంతా నవ్వింది. ఆటో వచ్చి ఆగేసరికి సగం పెట్టె ఖాళీ అయింది.

ఖాళీ బండి ఏభై అందుకుంటానంది గానీ, కూర్మయ్య ఇరవై మీదే ఇంటికి తోలుకొచ్చాడు. పుణ్యవతి ఇచ్చిన ఒడియా క్యాలెండరుని తెలుగుదాని పక్కన మేకుకి తగిలించాడు. కాసమ్మ దానివంక అనుమానంగా చూసింది.

"పడవలెప్పుడొగ్గుతారో ఇది సెప్తాదేటి?"

"సెప్తాదమ్మా. అయినా నిన్నే అడుగుతాను," అన్నాడు కూర్మయ్య.