ఎడమచేతి మౌస్

షట్టర్ ఎత్తే ముందు తాళాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. కొత్త గీతలేమీ లేవు. అయినా తృప్తి కలగక వేలితో తడిమాడు. కంప్యూటర్లు బాగుచేసే ఆ ఇరుకు కొట్టులో దొంగకు పనికొచ్చేవి పెద్దగా లేవు. ఆ సంగతి దొంగకు తెలియాలి కదా అని ఆయన వాదన. రిపేరు చేసేటప్పుడు కంటికి తగిలించుకునే అద్దంతోనే మనుషుల్నీ చూస్తాడని వీధిలో ఆయనకు భూతద్దం అని పేరు పెట్టారు. ఎదుట మాత్రం ఎవరూ అనరు.

బల్ల తుడిచి, సొరుగులు లాగి చూసుకుని, కంప్యూటర్ బటన్ నొక్కాడు. నల్లటి తెర మీద ఒక మూల నాలుగు తెల్ల అక్షరాలొచ్చి ఆగిపోయాయి. రోజూ అడిగే ప్రశ్న అడగలేదు.

ఆ ఒక్క కంప్యూటర్‌లో రెండు కాపురాలుండేవి. కొట్టులో తనతో పనిచేసే బావమరిది తన ఫైళ్ళ జోలికి రాకూడదని, డిస్కును చెరిసగం చేసి తన వైపు విండోస్, వాడి వైపు లినక్స్ పెట్టించింది ఆయనే. కుడిచేతికి ఒక మౌస్ తనది, ఎడమచేతివాటం బావమరిదికి ఎడమవైపు ఇంకొకటి. యంత్రం మొదలవగానే ఎవరి వైపు తెరవమంటారని అడిగేది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, సగం చోటు నువ్వే మింగావని సణిగిందీ ఆయనే.

బావమరిదికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం బండికి ప్రయాణం. నిన్న సాయంత్రం తాను టీకి వెళ్ళి వచ్చేసరికి వాడు తన విండోస్ ముందు కూర్చుని ఉండి, చటుక్కున లేచాడు. భూతద్దానికి అప్పుడే ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఇంకేముంది, కస్టమర్ల నంబర్లన్నీ ఎత్తుకుని, జాడ తెలియకుండా చెరిపేశాడు.

కాసేపటికి వాడే సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"వెళ్ళొస్తాను బావా."

"ఇందులో ఏం చేశావ్?"

వాడు తెర చూసి నాలుక కరుచుకున్నాడు. "నా వైపు తీసేశాను. ఎవరి వైపని అడిగి యంత్రాన్ని లేపే బూట్‌లోడర్ అందులోనే ఉందన్న సంగతే మర్చిపోయాను. ఉండు, చిటికెలో చేసిచ్చి వెళ్తా."

"ముట్టుకోకు."

"బావా..."

"కొట్టు తాళంచెవి అక్కడ పెట్టు."

వాడు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. కొంచెంసేపు నిలబడ్డాడు. భూతద్దం తలెత్తలేదు. మెట్లు దిగిన చప్పుడు వినబడ్డాక మాత్రం తాళంచెవి తీసి, అసలుదేనా అని అద్దంలోంచి చూశాడు.

భార్య ఫోన్ చేసింది. "తమ్ముణ్ణి ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్తున్నాను. మీరూ రండి."

"ముందు వాడి నిర్వాకం తేలనీ."

"మీకు తేలేలోపు బండి వెళ్ళిపోతుంది," అని పెట్టేసింది.

మరమ్మత్తు పెన్‌డ్రైవ్ గుచ్చి, దాని మీంచి యంత్రాన్ని లేపి, విండోస్ మొదలవడానికి కావలసిన బూట్ రికార్డును మళ్ళీ రాయించాడు. మొదటిసారి కుదరలేదు. డిస్కు నంబరు తప్పు కొట్టాడు. రెండోసారి తెర వెలిగింది. ప్రశ్న లేకుండా నేరుగా తన వైపు తెరుచుకుంది.

నంబర్లు చూశాడు. అన్నీ ఉన్నాయి. ఫైళ్ళు తీసి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. డిస్కు ఎంతుందో చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మధ్యలో గోడ లేదు. వాడి సగం కూడా తన సగంలో కలిసి, డిస్కంతా ఒక్కటిగా, తన పేరు మీదే ఉంది. పోతూ పోతూ వాడు దొంగిలించింది ఏమీ లేదు. ఇన్నేళ్ళ సణుగుడికి బదులిచ్చి వెళ్ళాడు. భూతద్దానికి సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువ, బండి వెళ్ళిపోయిందేమోనని భయమేసింది.

బావమరిదికి ఫోన్ కొట్టాడు. అందలేదు. భార్యకు కొట్టాడు.

"బండి కదిలిపోయిందండీ," అంది ఆమె. "మీరొస్తారేమోనని చివరిదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు."

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టాడు. చీకటి పడుతుండగా లేచి లైటు ఆర్పాడు. తాళం వెయ్యబోతూ వెనక్కి తిరిగి చూశాడు. బల్లకు ఎడమవైపు ఉన్న మౌస్ అడుగున ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.