తూకానికి అందని గాలి

పెళ్లయి ఆరు నెలలు. గాలి నాణ్యత చూసే ప్రయోగశాలలో ఆమె పని వడపోత కాగితాలు తూచడం. కాగితం గుండా గాలి లాగకముందు బరువెంత, లాగాక ఎంత. ఆ తేడాయే దుమ్ము. పట్నం కాగితాలు మసిగుడ్డల్లా వచ్చేవి. నలభై కిలోమీటర్ల అవతలి పల్లెవి మాత్రం కడిగిన ముత్యాల్లా ఉండేవి.

అందుకే అత్తగారికి ఆయాసం ముదిరినప్పుడు ఆ పల్లెలోనే ఏరికోరి ఇల్లు చూసింది. పదకొండు నుంచి మూడు దాకా వరండాలో కూర్చోమని, ఎండా గాలీ రెండూ మంచివేనని చెప్పి వచ్చింది. ఆ సాయంత్రం భర్త నారింజ ఒలిచి, తొన తొనకూ పీచు తీసి అందిస్తూ, మా అమ్మను గట్టెక్కించావన్నాడు. రెండు రోజులు ఆమె కాళ్లు నేలకు ఆనలేదు.

ఈ వారం పల్లె నుంచి కొత్త యంత్రం లెక్కలు వచ్చాయి. అది తూచదు, రేణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. తెర మీద గీత మధ్యాహ్నానికి కొండలా లేచింది. యంత్రం చెడిందేమోనని ఆమె పెద్దసారును పిలిచింది.

చెడలేదన్నాడాయన. పట్నం పొగలోని ఆవిర్లకు పొద్దుటెండ తగిలితే కంటికానని రేణువులు పుడతాయట. గాలివాటున పల్లెదారి పట్టి, దారిలో చేల ఆవిరీ చెట్ల ఆవిరీ ఒంటికి పట్టించుకుని పెరుగుతాయట. అక్కడికి చేరేసరికి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగగలవు.

"లక్షలున్నా త్రాసు ముల్లు కదలదమ్మా. త్రాసుది తప్పు కాదు, దాన్ని నమ్మిన మనది."

ఎక్కువగా ఏ వేళలోనని అడిగింది, గీత కళ్లెదుటే ఉన్నా. పదకొండు నుంచి మూడు.

సెలవు పెట్టి బస్సెక్కింది. అత్తగారు వరండాలో, వీపు వెనక దిండుతో, చెప్పిన చోటే ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఇక ఆక్సిజన్ సిలిండర్ తప్పదని పోయిన వారమే డాక్టరు చెప్పాడట; కోడలు బెంగపడుతుందని దాచింది.

ఆమెను లోపలికి నడిపించి, కిటికీలు మూసి, మంచం పక్కన నేల మీద కూర్చుని కోడలు అంతా చెప్పింది. అత్తగారు ఊపిరి కూడదీసుకుంది.

"మీ మామగారి మాటే ఎన్నడూ విన్లేదు నేను. తు.చ. తప్పకుండా విన్నది నీ మాటొక్కటే."

నవ్వబోతే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది తగ్గాక చెయ్యి పట్టుకుంది.

"వాడికి చెప్పకే. కొత్త కాపురం."

ఆ మాట వింటే ఎంత బాగుండును! మళ్లీ నారింజ తొనలు, మళ్లీ ఆ మెప్పు. కానీ చెప్పకపోతే, పల్లెగాలి మంచిదంటూ చూడవచ్చినప్పుడు అతనే తల్లిని మళ్లీ బయట కూర్చోబెడతాడు. ఆమె పెరట్లోకి వెళ్లి ఫోన్ చేసింది. అడ్డు రాకుండా విన్నాడు.

"ఎన్నాళ్లు కూర్చుంది?"

"డెబ్బై రెండు మధ్యాహ్నాలు" అంది.

అతను ఏమన్నా పడడానికి సిద్ధపడింది. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.