ఎండకు వేసిన పట్టీ

"లోపల ఆరేస్తే ముక్కిన వాసనొస్తుందే అని పొద్దుట్నుంచీ చెప్తున్నాను," అంది తల్లి, తడి మోకాలి పట్టీని పిండుతూ.

"రానీ అమ్మా. వస్తే నాకొస్తుంది. బయట మాత్రం వెయ్యకు."

"నిన్నటిదాకా లేని సిగ్గు ఇవాళెక్కణ్ణుంచి ఊడిపడింది? అదేమన్నా లోపలి బట్టా, దాచుకుని ఆరేసుకోడానికి?"

"సిగ్గు కాదు."

"మరేంటి?"

తల్లి పట్టీని బాల్కనీ తీగ మీద వేయడం, కూతురు దాన్ని తెచ్చి స్నానాలగది తలుపు మీద వేయడం, తల్లి మళ్ళీ అటు పట్టుకుపోవడం, పొద్దుట్నుంచీ ఇదే భాగోతం. మధ్యలో ఒకసారి అది గచ్చు మీద పడితే మళ్ళీ జాడించాల్సి వచ్చింది.

"ఆ గుడ్డేదో నా నెత్తిన వెయ్యండర్రా. మీ ఇద్దరి కేకల వేడికి చిటికెలో ఆరిపోతుంది," అంది నాయనమ్మ మంచం మీంచి.

తల్లి ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. అక్కడ ఉతకడం యంత్రమే, ఆరబెట్టడమూ యంత్రమే. ఎవరెవరో పడుకున్న దుప్పట్లని వారమంతా ఆ యంత్రాల నోట్లో కుక్కి, బయటికి లాగి మడతపెట్టడం ఆమె వంతు. ఎండ తగలని గుడ్డ ఆమె దృష్టిలో ఉతికిన గుడ్డే కాదు. సెలవురోజున తన ఇంటివాళ్ళ బట్టలు తన తీగ మీద, తనకి నచ్చిన వరసలో వేసుకోవడం ఒక్కటే ఆమె ఇష్టప్రకారం జరిగే పని. దానికి కూడా అడ్డొస్తే ఎవరికైనా ఒళ్ళు మండదూ?

పైగా ఆ పట్టీ ఊరికే రాలేదు. ఒక్కో పట్టీకి ఆమె రెండు రోజుల కూలి పోసింది. కూతురు కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడుతుంది. జట్టులో ఉన్నంతకాలం ఫీజు కట్టక్కర్లేదు. జట్టులోంచి తీసేస్తే ఆ ఫీజు కట్టే తాహతు ఈ ఇంటికి లేదు, చదువు అక్కడితో సరి. అందుకే ఆ మోకాలు ఇంటిల్లిపాదికీ ముద్దు. మామూలుగా ఉంటే ఒక పట్టీ, నొప్పి ఎక్కువైతే దాని మీద ఇంకొకటి.

చివరికి కూతురు ఫోను తెచ్చి తల్లి మొహం ముందు పెట్టింది.

"చూడు."

వాళ్ళ బాల్కనీ ఫోటో. తీగ మీద నాయనమ్మ చీర, దాని పక్కన రెండు మోకాలి పట్టీలు. కింద ఎవరో రాశారు: ఈసారి రెండు ఆరేశారు, పిల్ల కుంటుతోంది, ఎదుటి జట్టు మీద పెట్టుకోండి.

"ఏం పెట్టుకోవడం?"

"పందెం. ఫోనులో మా ఆటల మీద కూడా పందేలు కాస్తారు. నేను కుంటుతున్నానని, మేం ఓడిపోతామని కాశారు. మొన్న గెలిచాం కదా, డబ్బులు పోయినవాళ్ళంతా నామీద పడ్డారు. ఇవి చదువు."

చదివింది. రెండో కాలు కూడా విరగ్గొడతానని ఒకడు. తన నెల జీతం మింగేసినందుకు నోట్లో పురుగులు పడాలని ఇంకొకడు. కాలేజీ గేటు దగ్గర కనిపించు, చెప్తా అని మరొకడు. మరి కొన్ని తల్లి పూర్తిగా చదవలేకపోయింది.

"ఆట నేర్పే సారుకి చూపించలేదా?"

"చూపించాను. ఫోను కట్టేసి పడుకో అన్నాడు. ఆ ఫోటో ఎవరో కాలేజీ ఆఫీసుకి పంపారు. ఇప్పుడు, ఇంట్లోంచి కబురు చేరవేస్తున్నది నేనేనంట. డబ్బు తీసుకుని. రేపు పదింటికి రమ్మన్నారు. తేలకపోతే జట్టులోంచి తీసేస్తారు."

అప్పుడే సెలూన్ మూసి భోజనానికొచ్చిన తండ్రి ఆఖరి మాట విని గుమ్మంలో ఆగిపోయాడు. విషయం మొత్తం విన్నాక ముందు భార్య మీద పడ్డాడు.

"తీగంతా తోరణాలు కట్టినట్టు ఆరేస్తుంటే ఊరు చూడదూ?"

"నా తీగ సంగతి సరే, మీ కుర్చీ సంగతేంటి? గడ్డం గీయించుకోడానికొచ్చిన ప్రతివాడికీ దాని మోకాలి వాపు ఎంత తగ్గిందో చెప్పందే మీ కత్తి కదలదుగా."

"అడుగుతారు, చెప్తాను. కూతురు ఆడుతోందని చెప్పుకోవడం కూడా నేరమేనా? నోరు కుట్టేసుకుని క్షవరం చేస్తే నా కుర్చీలో ఎవడు కూర్చుంటాడు?"

"అడిగేవాళ్ళందరూ నామీద ప్రేమతో అడగట్లేదు నాన్నా," అంది కూతురు.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నిన్ననే ఒకాయన ఈ మోకాలి గురించే శ్రద్ధగా అడిగి, చిల్లర ఉంచుకోమన్నాడు. ఆ చిల్లర ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

"ఆ ఎదురుగా టీ కొట్టు ముందు కూర్చునే బేవార్సు వెధవలే తీసుంటారు," అన్నాడు.

"ఏదీ, ఆ ఫోను మళ్ళీ ఇలా ఇవ్వు," అంది తల్లి.

ఫోటోకి ఒక అంచున నీలం రంగు గుడ్డ సన్నగా కనిపిస్తోంది. లాడ్జిలో పారేసిన దుప్పటి తెచ్చి, ఆమే అంచు కుట్టి, బాల్కనీలోకి తెరుచుకునే వంటింటి కిటికీకి లోపలివైపు కట్టిన పరదా. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. టీ కొట్టు దగ్గర్నుంచి తీస్తే బాల్కనీ అడుగు కనిపించాలి గానీ, వంటింటి పరదా ఎలా కనిపిస్తుంది?

కొడుకు మూల కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. ఇంటింటికీ పార్సిళ్ళు అందించే ఉద్యోగం వాడిది. చెల్లెలి మీద ఈగ వాలితే గయ్యిమనేవాడు ఇంత రభసలో తుడిచిన బూటునే మళ్ళీ తుడుస్తున్నాడు.

ఆమె ఫోను తిరిగిచ్చేసి వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళ కోసం కొడుకు రాగానే చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర నిలబెట్టింది.

"ఫోను పట్టుకున్నట్టు చెయ్యెత్తు."

"ఎందుకమ్మా?"

"ఎత్తరా."

సగం ఎత్తి దించేశాడు. తల కూడా దించేశాడు.

"మొదట్లో చెల్లి గెలుస్తుందనే కాశానమ్మా. ఒట్టు. పోయింది. మళ్ళీ కాశాను, అదీ పోయింది. పందేలు రాసుకునేవాడు, బాకీ కట్టక్కర్లేదు, మోకాలు ఎలా ఉందో మాత్రం చెప్తుండు అన్నాడు. నాన్న షాపులో అందరికీ చెప్పేదే కదా అనుకున్నా."

"ఎవడు వాడు?"

"తెలీదు. ఫోనులోనే."

పళ్ళు రాలగొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. కానీ ఎవరి పళ్ళు? మొహం లేని మనిషిని ఎక్కడని వెతుకుతుంది? ఆమెకి తెలిసిందల్లా పేరొక్కటే. కూతురి ఆట చొక్కా మీద, సరిగ్గా గుండెల మీద, ఎర్రటి అక్షరాల్లో ఉంటుంది పందేల కంపెనీ పేరు. వారం వారం ఆ అక్షరాల మీద చెమట మరక వదిలేదాకా రుద్దేది తనే.

"ఇంకేమన్నా ఉందా?"

వాడు కొళాయి కేసి చూస్తూ అన్నాడు. "వచ్చే ఆటలో మొదటి సెట్ పోవాలంట. ఆట గెలుచుకోవచ్చు, ఒక్క సెట్టే. అది చేస్తే నన్నొదిలేస్తాడు. నేను చెప్తే వినదు. నువ్వు చెప్తే..."

"నోర్ముయ్."

భోజనాల దగ్గర తండ్రి ఉపాయం చెప్పాడు. "చూడమ్మా నిచ్చెనా." పొడుగని కూతుర్ని ఇంట్లో అలాగే పిలుస్తారు. "రేపు నువ్వెళ్ళి టీ కొట్టువాళ్ళు తీశారని చెప్పు. మా అమ్మ తెలీక బయట ఆరేసింది, ఇకమీదట లోపలే ఆరేస్తాం అని చెప్పు. సరిపోతుంది."

"ఎవరు చెప్పారు నీకు, సరిపోతుందని? పందెం జోలికి వెళ్ళబోమని మా అందరితో సంతకాలు పెట్టించారు. ఏం వేసుకుని పెట్టాం? ఆ చొక్కా వేసుకునే. దాని గురించి అడిగితే, ఆ కంపెనీ డబ్బుతోనే బంతులు కొంటున్నాం అన్నాడు సారు. ఇప్పుడు వాళ్ళకో దొంగ కావాలి నాన్నా, అంతే. నేనే దొరికాను." ముద్ద పళ్ళెంలోనే పెట్టేసింది. "మొన్న నా సర్వీసు ఒకటి నెట్‌కి తగిలింది. మా జట్టు పిల్లలు నన్ను చూసిన చూపు నువ్వు చూళ్ళేదు. కావాలని కొట్టానేమో అని. ఇకమీదట ఎప్పుడు తగిలినా అంతే."

కొడుకు తల ఎత్తలేదు. తల్లి వాడికి కూర వడ్డించింది. ఎప్పుడూ అందరూ తిన్నాక కూర్చునే మనిషి, ఇవాళ పళ్ళెం పెట్టుకుని వాళ్ళ మధ్యే కూర్చుంది.

"రేపు నేను పనికి వెళ్ళట్లేదు," అంది, రేపు పాలు ఎక్కువ తీసుకోవాలని చెప్పినట్టు. "దీంతో కాలేజీకి వెళ్తున్నాను. పెద్దాడూ వస్తాడు."

"వాడెందుకు?" అన్నాడు తండ్రి.

"ఆ ఫోటో తీసింది వీడు గనక. మన వంటింట్లోంచి."

నాయనమ్మ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మొదటి సెట్ పోయేలా చూడమని వీణ్ణి అడిగారు. అదీ చెప్తాడు. వాడు చెప్పకపోతే నేను చెప్తాను."

"బుద్ధుందా నీకు?" తండ్రి గొంతు తగ్గించాడు. "వాడి ఉద్యోగం పోతుంది. ఇంటి గుట్టు..."

"ఇంటి గుట్టు బయట ఆరేసింది నేను కాదండీ."

"వాళ్ళు నన్నొదలరమ్మా," అన్నాడు కొడుకు.

"ఒదలరు. నాకూ భయంగానే ఉంది. అయినా వెళ్తున్నాం." మజ్జిగ పోసుకుంటూ, "ఆ చొక్కా మీద పేరు ఎవరెయ్యమన్నారో కూడా అడిగొస్తాను. ఉతికేది నేను కదా," అంది.

కూతురు అన్న వైపే చూస్తోంది. చిన్నప్పుడు మొట్టమొదట బంతి కొనిచ్చి, గోడకి కొట్టడం నేర్పినవాడు వాడే. ఎవరో కొత్తమనిషిని చూస్తున్నట్టు చూస్తోంది.

తల్లి లేచి చెయ్యి కడుక్కుంది. స్నానాలగది తలుపు మీంచి పట్టీ తీసింది. ఇంకా చెమ్మగానే ఉంది. బాల్కనీలో ఎండ ఉంది. టీ కొట్టు ముందు కుర్చీల్లో మనుషులూ ఉన్నారు. పట్టీ పట్టుకుని ఆమె గది మధ్యలో ఆగింది.

"ఎక్కడ వెయ్యనే?" అని అడిగింది కూతుర్ని.