పేజీ తిప్పని పదకొండు మంది

లెక్కల టీచరమ్మకు మొహమాటం లేదని బడిలో అందరికీ తెలుసు. తప్పును తప్పని మొహం మీదే చెబుతుంది, అది హెడ్మాస్టారి తప్పయినా సరే. అలాంటి మనిషి చేతికి ఆ ఏడాది ఆరో తరగతి వడపోత వచ్చింది. చుట్టుపక్కల చిన్న బళ్ళలో ఐదు ముగించుకుని వచ్చిన నూట ఇరవై మందికి, బడి తెరిచిన రెండో రోజే లెక్కల పరీక్ష పెట్టాలి. మార్కుల వరసన మొదటి నలభై మందిని ఏ సెక్షన్లో, తర్వాతి నలభై మందిని బీలో, మిగిలినవాళ్ళను సీలో కూర్చోబెట్టాలి. నలభయ్యే ఎందుకంటే గదికి ఇరవై బల్లలే పడతాయి. తెలివితేటలు బల్లల లెక్కన పుడతాయా అని అడిగేవాళ్ళు ఆ బడిలో లేరు.

ఆ నూట ఇరవై మందిలో ఆమె చెల్లెలి కూతురు కూడా ఉంది. నిమిషం ఒకచోట నిలవదు కాబట్టి ఇంటిల్లిపాదీ ఉడత అని పిలిచే పిల్ల. పెద్దమ్మ నోట్లోంచి లెక్క పూర్తిగా బయటికి రాకముందే జవాబు చెప్పేసి, తర్వాతిది అడగమని కొంగు పట్టుకుని లాగే రకం.

రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని టీచరమ్మ గట్టి కట్టుదిట్టాలు చేసింది. పేర్లు రాసిన అంచు మడిచి పిన్నులు కొట్టించింది, కాగితానికో నంబరు వేయించింది. ముందువైపు లెక్కలు తను దిద్దింది. వెనకవైపువి సైన్సు మాస్టారు దిద్దాడు. ఇద్దరూ చెరో జాబితాలో మార్కులు వేస్తే గుమాస్తా కూర్చుని కూడాడు. ఇంత పకడ్బందీగా పరీక్ష ఎప్పుడూ జరగలేదని హెడ్మాస్టారు మెచ్చుకున్నాడు కూడా. ఒక్క కాగితాన్నయినా ఏ ఒక్కరూ రెండువైపులా చూడలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

టీచరమ్మ సంతకంతో జాబితా గోడకెక్కింది. ఉడత పేరు సీలో ఉంది.

ఆ సాయంత్రం, కింది వాటాలో ఉండే చెల్లెలు కుట్టుమిషను మధ్యలో ఆపేసి, వేళ్ళకు దారం పోగులతోనే మేడమీదికి వచ్చింది.

"అక్కా, ఒక్కసారి దాని పేపరు తీసి చూడవే. ఎక్కడో ఏదో పొరపాటు జరిగింది."

"చూడను. నీ కూతురి పేపరు తీశానంటే మిగతా తల్లులందరూ రేపు నా గుమ్మంలో కూర్చుంటారు. మార్కులు మార్కులే."

"దానికి లెక్కలు రావని నువ్వు నమ్ముతున్నావా?"

"నేను నమ్మడమేంటి? పరీక్ష చెప్పింది."

"నువ్వసలు దానికి పెద్దమ్మవేనా?"

"బళ్ళో ఎవరికీ పెద్దమ్మను కాను."

చెల్లెలు దిగి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మెట్ల మీద ఎదురుపడినా తల పక్కకు తిప్పుకునేది. నిజాయితీ మంచిదే, కాదనం. కానీ నలుగురూ చూడాలని దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగితే, కాళ్ళ కింద ఎవరు నలుగుతున్నారో కనబడదు. టీచరమ్మకు ఐదు వారాలు కనబడలేదు.

ఆరో వారం మొదట్లో పాత పేపర్లు కట్టలు కట్టి అటక మీద పడేయమని గుమాస్తా పోరు పెట్టాడు. సీ కట్టకు తాడు చుడుతుంటే పైనున్న కాగితం పిన్ను ఊడి, అంచు విచ్చుకుంది. చూడనని ఒట్టు పెట్టుకున్న పేరే. ముందువైపు ఇరవైకి పంతొమ్మిది, తన చేతి ఎర్ర సిరాతోనే. తిప్పి చూసింది. వెనక లెక్కల కింద పిల్ల రాసిన అక్షరం ఒక్కటీ లేదు, మూలన సైన్సు మాస్టారు పెట్టిన సున్నా తప్ప.

ముందు ఒళ్ళు మండింది. ఇంత వచ్చిన పిల్ల సగం వదిలేసి ఆటలకు పోయిందా అనుకుంది. తర్వాత ఎందుకో కింది కాగితం కూడా తిప్పింది. దాని వెనకా జవాబుల చోటు ఖాళీయే. కట్టంతా విప్పి నేల మీద పరిచేసరికి అలాంటివి పదకొండు తేలాయి. అన్నిటికీ ముందు మంచి మార్కులు, వెనక సున్నా. పేర్లు పట్టుకుని చేరికల రిజిస్టరు చూస్తే, పదకొండు మందీ ఒకే చిన్న బడి నుంచి వచ్చినవాళ్ళు.

ఇంటికి వెళ్ళగానే మెట్ల మీద కూర్చున్న ఉడతను పట్టుకుంది.

"మొన్న పరీక్షలో వెనకవైపు లెక్కలు ఎందుకు చెయ్యలేదే?"

"వెనకవైపా?" పిల్ల తెల్లబోయింది. "వెనక మనవి కావుగా పెద్దమ్మా. ప్రెస్సు తాతవి."

కాస్త కాస్తగా సంగతి బయటపడింది. ఆ చిన్న బడి పక్కన ఒక అచ్చు ప్రెస్సు ఉంది. దాని యజమాని, ఒకవైపు అచ్చుపడి చెడిపోయిన కాగితాలను బడికి ఊరికే ఇచ్చేవాడు. పరీక్షలన్నీ వాటి ఖాళీ వైపు మీదే. వెనక సబ్బుల ప్రకటనలు, సర్కసు బొమ్మలు ఉండేవి. పిల్లలు లెక్కలు మాని సర్కసు చూస్తున్నారని అక్కడి టీచరు ఒక నియమం పెట్టింది: కాగితం తిప్పినవాళ్ళకు ఐదు మార్కులు కోత. ఐదేళ్ళు ఆ నియమంలో పెరిగిన పిల్లలు బుద్ధిగా చెప్పిన మాట వినేవాళ్ళు కనుకనే, తిప్పలేదు.

మర్నాడు హెడ్మాస్టారు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"టీచరుగారూ, ఇప్పుడు వీళ్ళని పైకి తీస్తే పైనున్నవాళ్ళని పదకొండు మందిని దించాలి. తేనెతుట్టె కదపడమే."

"కుట్టినా సరే, కదపాల్సిందేనండీ. తప్పు నాది."

"ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి. అందులో మీ చెల్లెలి కూతురు లేకపోతే ఇంత తాపత్రయపడేవారా?"

పడేదాన్నే అందామనుకుంది. అబద్ధం నోటికి రాలేదు. "తెలీదండీ," అంది.

ఆ జవాబుకే మెత్తబడ్డాడేమో, శనివారం మళ్ళీ పరీక్షకు ఒప్పుకున్నాడు. షరతులు మాత్రం పెట్టాడు. ఆయన కూడా గదిలో కూర్చుంటాడు. కాగితం రెండువైపులా ఉందని మొదట చెప్పడం తప్ప టీచరమ్మ ఎవరికీ సాయపడకూడదు. నలభైకి ఇరవై రెండు దాటినవాళ్ళు బీకి, ముప్ఫై ఒకటి దాటినవాళ్ళు ఏకి వెళతారు. దాటనివాళ్ళు ఉన్నచోటే ఉంటారు. ఇంకో మాటు లేదు.

ఆ కబురు చెప్పడానికి టీచరమ్మే కిందికి దిగింది. చెల్లెలు మిషను ఆపలేదు గానీ, "తిన్నావా?" అని అడిగింది. ఐదు వారాల తర్వాత ఆ ఒక్క మాటకు అక్క కళ్ళు చెమ్మగిల్లాయి.

శనివారం పదకొండు మందీ బల్లకొకరు కూర్చున్నారు. టీచరమ్మ కాగితాలు పంచి, వెనక కూడా లెక్కలున్నాయని మూడుసార్లు చెప్పి, అందరిచేతా తిప్పించి చూపించింది. నలుగురు వెంటనే తలలు వంచి రాయడం మొదలుపెట్టారు. మిగతావాళ్ళు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. ఆలోచిస్తున్నారులే అనుకుంది. పది నిమిషాలు పోయాయి. ఇరవై పోయాయి. ఉడత చేతులు కట్టుకుని, నిటారుగా, కదలకుండా కూర్చుని ఉంది. అంత కుదురుగా ఆ పిల్ల కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

షరతు సంగతి మరచి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"రాయవేమ్మా?"

"మీరు బోర్డు మీద వెయ్యలేదుగా టీచర్."

"బోర్డు మీదా?"

"మా సీ సెక్షన్ సార్ లెక్క చేసి వేస్తారు. మేం చూసి ఎక్కించుకుంటాం." కొత్తగా వచ్చినవాళ్ళకు దారి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది ఉడత. "సొంతంగా చేస్తే తప్పులు వస్తాయి కదా. సీ వాళ్ళు తొందరపడకూడదు టీచర్."

వెనక నుంచి హెడ్మాస్టారు గొంతు వినిపించింది. కోపం లేదు, ఎగతాళీ లేదు, పైగా కాస్త జాలి కూడా ఉంది. "చూశారుగా టీచరుగారూ. మొదటి పరీక్ష మరీ అంత తప్పేం చెప్పలేదు."

ఆమె ఆయన వైపు తిరగలేదు. పరీక్ష ఆ రోజు చెప్పిన అబద్ధాన్ని ఐదు వారాల పాఠాలు నిజం చేశాయని ఎలా చెప్పడం? ఆ అబద్ధం మీద తను చేసిన సంతకం ఇంకా గోడ మీదే ఉంది. మోకాళ్ళ మీద బల్ల పక్కన కూర్చుంది.

"నీకు వచ్చమ్మా ఇవి. అన్నీ వచ్చు. తప్పు వచ్చినా ఫరవాలేదు, నీకు తోచింది రాయి."

ఉడత కాగితం వంక చూసింది. పెన్ను మూత తీసింది, మళ్ళీ పెట్టింది. హెడ్మాస్టారికి వినబడకుండా పెద్దమ్మ చెవి దగ్గరికి వంగింది.

"ఈసారి కూడా తప్పు వస్తే డీలోకి పంపుతారా టీచర్?"

ఆ బడిలో డీ సెక్షన్ లేదు.